ఓమా చెత్త నవలలు

మా కింది అంతస్తు ఓమా చనిపోయిందని సోమవారం పొద్దున ఆమె మేనకోడలు చెప్పింది. కరోనాతో మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి పోయింది. మేనకోడలు మెట్ల కింద, నేను మెట్ల పైన, ఇద్దరికీ మాస్కులు. "చివరిదాకా నర్సులను ఒకటే అడిగిందట, ఆ పిల్ల ఇల్లు చేరిందా అని. ఏ పిల్లో మాకెవరికీ తెలియదు. మీకేమైనా తెలుసా?" అంది. నాకు తెలుసు. ఆ సంగతి తెలిసింది ఈ లోకంలో నాకొక్కదానికే. కానీ తల అడ్డంగా ఊపి ఇంట్లోకి వచ్చేశాను.

ఓమా అంటే ఇక్కడ అమ్మమ్మ. నాకు ఆమె చుట్టం కాదు. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మేముండే పాత ఇంట్లో కింద మూతపడిన దుకాణం, మొదటి అంతస్తులో ఓమా, రెండో అంతస్తులో మేము. ఈ ప్రాంతంలో మెట్లు ఊడ్చి తుడవడం ఇళ్లవారీగా వంతు. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకు ఒక చిన్న చెక్క పలక వేలాడుతుంది. వారం కాగానే వాళ్లు మెట్లు తుడిచి, పలకను రెండో ఇంటి తలుపుకు తగిలించి వస్తారు. ఒక్క రోజు ఆలస్యమైనా ఓమా ఊరుకునేది కాదు.

కొత్తగా వచ్చిన నెలలో, నా మొదటి వంతున, మెట్లన్నీ కడిగి మా గుమ్మం ముందు, పాపం పెద్దావిడ కదా అని ఆమె గుమ్మం ముందు కూడా బియ్యప్పిండితో ముగ్గు వేశాను. ఓమాకు చూపు మధ్యలో మచ్చ ఉండేది. పక్కనున్నవి కనపడతాయి, ఎదురుగా ఉన్నవి కనపడవు. చెప్పుల కింద పిండి తగిలి, చేటతో ఎత్తుకుని పైకొచ్చింది.

"ఊడవడమంటే పిండి ఒలకబోయడమా?" అంది. ఆమె గొంతు తగ్గించింది. "లేక శాపమా? మా నవలల్లో తూర్పుదేశపు ఆడవాళ్లు ఇట్లాగే గీతలు గీసి శపిస్తారు."

ఏడో తరగతితో చదువు ఆగిన దాన్ని. ఇక్కడి భాష బడిలో ఆరు వారాలు కూర్చున్నాను, అంతే. అయినా ఆ రోజు నా నోట్లోంచి ఒక మాట ఊడిపడింది. "తప్పు." ఓమా "మీ గుమ్మం మీ ఇష్టం. నా గుమ్మం ముందు మాత్రం పిండి వద్దు" అని దిగిపోయింది.

తరువాత లాక్‌డౌన్ వచ్చింది. నా భాష బడి మూతపడింది. ఆదివారాలు వచ్చి ఆమెకు చదివి పెట్టే మేనకోడలు రావడం మానేసింది. ఒక వారం పలకతో పాటు మా తలుపుకు గుడ్డసంచి కూడా వేలాడింది. అందులో లావు పుస్తకం. కిందినుంచి కేక. "మేడెలె! చదవడం వచ్చా?" మేడెలె అంటే ఇక్కడి యాసలో పిల్లా అని.

అట్లా మొదలైంది. పైమెట్టు మీద నేను, పన్నెండు మెట్ల కింద కుర్చీ వేసుకుని ఓమా. నాకు తెలియని మాటలకు ఆమే అర్థం చెప్పేది. పూర్వకాలపు రాజ్యాల మీద ప్రేమకథలు రాసిన ఒక జర్మన్ రచయిత పుస్తకాలవి, మొత్తం ఐదు. ఆయన పోయి వందేళ్లు దాటింది. పేరు రాసి ఆయనకు మర్యాద చేయలేను.

అంత చెత్త నేనెన్నడూ చదవలేదు. చదివింది తక్కువే అనుకోండి, అయినా చెత్తను చెత్త అనడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఈజిప్టు రాజు విందులో నలభై వంటకాలుంటాయి, వండిన మనిషి ఒక్కరూ ఉండరు. ప్రతి కుండకూ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వివరం, ఎక్కడ తవ్వితే దొరికింది, ఏ రంగు, ఎన్నేళ్లది అని. ఆ కుండను కడిగిన వాళ్ల సంగతి అయిదు పుస్తకాల్లో ఎక్కడా లేదు. పూజారి కూతురు గాలి వీచినా మూర్ఛపోతుంది. గ్రీకు కుర్రాడి ఉంగరాల జుట్టు మీద రెండు పేజీలు. యుద్ధం మీద పేజీన్నర.

ఇదే ఓమాతో అన్నాను, వచ్చిన నాలుగు మాటల్లో. ఆమెకు కోపం రాలేదు. "చెత్తే. కేకూ ఒంటికి మంచిది కాదు. తినడం మానేశానా?" అంది. ఇంకోసారి, "మా అమ్మ బాంబుల కాలంలో నేలమాళిగలో కూర్చుని ఇవి చదివింది. మంచి పుస్తకమైతే ఏడ్చేది. చెత్త కాబట్టే బతికాం" అంది.

మా ఆయనకు ఇంటినుంచే ఆఫీసు. హెడ్‌సెట్ మెడకు వేసుకుని బయటికొచ్చాడు ఒకరోజు.

"ఏందే, మెట్ల మీద ఎవలతోని కొట్లాడుతున్నవ్? మీటింగుల అందరికీ ఇనవడ్తుంది."

"కొట్లాట గాదు. పుస్తకం సదువుతున్న."

"నీకు జర్మన్ ఎప్పుడొచ్చింది?"

"నాకు రాదు. రాసినోనికి మాత్రం ఏమొచ్చని?"

ఆయన హెడ్‌సెట్ సర్దుకుని లోపలికి పోయాడు. పెళ్లయిన మూడేళ్లలో నేను ఎదురు మాట్లాడడం అదే మొదలు.

మూడో పుస్తకంలో ఒక దాసి వస్తుంది. మన దేశపు పిల్లే. ఆమెకు పేరు పెట్టడానికి కూడా ఆ మహానుభావుడికి ఓపిక లేదు, తామరకళ్ల పిల్ల అన్నాడు. యజమానురాలికి పెట్టిన విషం ఈ పిల్ల తాగుతుంది. తాగి, అమ్మగారి కోసం చస్తున్నానని సంతోషంగా నవ్వుతుంది. సంతోషంగానట! నాకు ఒళ్లు మండింది. చదవడం ఆపి, గుక్క తిప్పుకుని ఇట్లా అన్నాను. "ఆ పిల్ల గిన్నె వాసన చూసింది. పూలకుండీలో పారబోసి, వెనక తలుపునుంచి వెళ్లిపోయింది."

"అక్కడ అట్లా లేదు," అంది ఓమా. పదిసార్లు చదివిన పుస్తకం మరి.

"పుస్తకం నా చేతిలో ఉంది."

ఓమా దగ్గొచ్చేదాకా నవ్వింది. "సరే. ఎక్కడికి వెళ్లింది?"

"ఇంటికి."

"పేరేంటి?"

"రాజవ్వ."

అప్పటినుంచి రోజూ ఆయన నవల రెండు పేజీలు, నా రాజవ్వ కథ కొంచెం. గాడిదల గుంపుతో ఎడారి దాటించాను. సముద్రపు ఒడ్డుకు చేర్చాను. అక్కడ ఆగింది. రేవులో మహమ్మారి, ఓడలు లేవన్నాను. "వాళ్లకూ లాక్‌డౌనా!" అంది ఓమా. రాజవ్వ రేవులో రొట్టెలు కాల్చి అమ్మింది. చలికాలం వచ్చింది, పోయింది. "ఓడ ఇంకా రాలేదా?" అని ఓమా రోజూ అడిగేది. రాలేదనేదాన్ని. మాకూ విమానం టికెట్ రద్దయింది. చెల్లి పెళ్లి ఫోన్‌లో చూశాను, తాళి కట్టేటప్పుడు నెట్ ఆగిపోయింది. నేను వెళ్లలేని ఇంటికి రాజవ్వను ఎట్లా పంపాలి? చేతిలో పనే, ఒక్క మాటతో అయిపోయేది. పంపలేదు.

ఓమాకు జ్వరమొచ్చింది. ప్లాస్టిక్ దుస్తుల్లో ఇద్దరు వచ్చి కుర్చీతో సహా దింపారు. మలుపు దగ్గర ఆమె తల పైకెత్తి, "ఓడ ఎక్కించు, మేడెలె! నేనొచ్చేసరికి ఇల్లు చేరాలి!" అని అరిచింది. నేను తల ఊపాను. ఎదురుగా ఉన్నది ఆమెకు కనపడదని, నోటితో చెప్పాలని, కింద అంబులెన్స్ తలుపు మూసిన చప్పుడయ్యాక గుర్తొచ్చింది.

శనివారం మేనకోడలు అట్టపెట్టెలతో వచ్చింది. ఈసారి నేను దిగాను, పన్నెండు మెట్లూ. "ఆ పిల్ల నాకు తెలుసు. ఆ రోజు అబద్ధం చెప్పాను," అన్నాను. విషం గిన్నె దగ్గరినుంచి రేవుదాకా మొత్తం చెప్పాను, ఎన్ని తప్పులు మాట్లాడానో లెక్కలేదు. ఆమె పెట్టె మీద కూర్చుని విన్నది.

"మరి ఇల్లు చేరిందా?"

"చేరింది. ఓడ దిగి, రెండు రోజులు నడిచింది. ఇంటి ముందు ఆకులు, దుమ్ము. ఎవరినీ పిలవకుండా ముందు చీపురు అందుకుంది."

మేనకోడలు మాస్కు పైకి లాగి కళ్లు తుడుచుకుంది. "అత్తకు నచ్చేది," అంది. తరువాత ఐదు పుస్తకాలూ చూపించి, "మీకు కావాలా?" అంది.

"వద్దు. చెత్త," అన్నాను. ఇద్దరం నవ్వాం. అవి పాత కాగితాల డబ్బాలోకే వెళ్లాయి. నాకేమీ బాధ కలగలేదు.

ఆ వారం వంతు ఓమాది. పలక ఆమె తలుపుకే వేలాడుతోంది. నేనే చీపురు తెచ్చి పైనుంచి కిందిదాకా ఊడ్చి, రెండుసార్లు తుడిచాను. చావు జరిగిన ఇంటి ముందు మనం ముగ్గు వేయం, వేయలేదు. నా గుమ్మం ముందు కూడా వేయబుద్ధి కాలేదు. తడి ఆరాక చూస్తే ఆమె గుమ్మం అచ్చం ఆమెకు నచ్చినట్టే ఉంది, పిండి నలుసు లేకుండా.

పలకను మా తలుపుకు ఇంకా మార్చలేదు.