మా అత్త నోరు మంచిది కాదట

మొన్న పొద్దున మా మేనత్త పోయింది. ఫోన్ చేసిన తమ్ముడు ముందు ఏడ్చాడు, తర్వాత చెప్పాడు. నేను బస్సు దిగి అత్త వాకిట్లోకి వెళ్లేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటూ అందరూ ఒకే మాట అంటున్నారు. "మనసు వెన్న. నోరే మంచిది కాదు." ఒకావిడ ఇంకో అడుగు ముందుకేసి, "ఆ నోరు అదుపులో పెట్టుకొనుంటే మస్కట్‌లో పని నిలిచేది, ఇంటికి స్లాబు పడేది" అంది. నాకు ఒళ్లు మండింది. శవం పక్కన పోట్లాట వద్దని పళ్లు బిగబట్టాను. అక్కడ మింగిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊళ్లో ఒమాన్ అంటే అందరికీ మస్కటే. అత్త పని చేసింది ఖురియాత్‌లో, సముద్రం పక్కన. తొంభైల మొదట్లో ముందు ఆమె వెళ్లింది. తర్వాత పక్కింట్లో పని ఉందని నాకు వీసా తెప్పించింది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆమెకు అప్పగించింది వంట, బట్టలు, ఇల్లు తుడవడం. పిల్లల్ని చూసుకొమ్మని ఎవరూ చెప్పలేదు. అది ఆమే నెత్తికెత్తుకుంది. పెళ్లి కాకముందు మేకలు కాసిన మనిషి. కళ్ల ముందు మంద చెదిరిపోతుంటే చేతులు కట్టుకుని నిలబడే రకం కాదు.

ఆ గొంతు సంగతి చెప్పాలి. డాబా మీద బట్టలు ఆరేస్తూ "రాండిరా!" అని కేకేస్తే ఒడ్డున పడవల మధ్య ఆడుకునే పిల్లలు లేచి పరుగెత్తుకొచ్చేవారు. వాళ్లకు తెలుగు రాదు, ఆ ఒక్క ముక్క మాత్రం వచ్చు. నన్ను కూడా వదిలేది కాదు. గోడ మీంచి తొంగి చూసి, "ఏం కోడలా, ఆ పాలు పొంగేదాకా వాటితో ముచ్చట్లు పెడతావా?" అనేది. నేను ఉలిక్కిపడి స్టవ్ ఆర్పేదాన్ని.

అక్కడ రంజాన్ నెల సగానికి వచ్చిన సాయంత్రం పిల్లల పండగ. ఖరన్‌ఖషూ అంటారు. పెద్దలు ఉపవాసం విడిచాక, పిల్లలు జరీ బట్టలు వేసుకుని, మెడలో గుడ్డసంచులు తగిలించుకుని, రెండు రాళ్లు టకటకా కొడుతూ, పాట పాడుతూ ఇంటింటికీ వెళ్తారు. ఇంటివాళ్లు ఆ సంచుల్లో చాక్లెట్లు, ఆక్రోట్లు, వేరుశనగలు పోస్తారు. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను. "ఇంత ఉన్నోళ్ల బిడ్డలు అడుక్కుంటాండారే అత్తా" అన్నాను.

అత్త చేతిలో పిండి గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగింది. "దసరాకి మా బడి అయ్యవారు మమ్మల్ని ఇంటింటికీ తిప్పి పప్పుబెల్లాలు పెట్టిచ్చేటోడు. అది అడుక్కోడమా మే? ఊరంతా మనదే అని పిల్లోళ్లకి తెలిసే దినం అది. కాకుంటే మా అయ్యవారు బెత్తం పట్టుకోని మా ముందర నడిచేటోడు. ఈ పిల్లోళ్ల ముందర ఎవురు నడచ్చాండారు?"

ఎవరూ నడవడం లేదు. ఆమె కోపమంతా అక్కడే. పిల్లలు సందుల్లోకి వచ్చే వేళా, మగవాళ్లు తిని లేచి బండ్లు బయటికి తీసే వేళా ఒకటే. ఆ సందుల్లో దీపాలు అంతంత మాత్రం. చేపలు దించి వచ్చే పికప్‌లు, మసీదుకు పోయే కార్లు, చుట్టాలిళ్లకు పోయే జీపులు, అన్నీ తొందరలోనే ఉంటాయి. ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల్ని ముస్తాబు చేసి, ముద్దులు పెట్టి, గేటు దాటించి లోపలికి వెళ్లిపోయేవారు. పండగ కదా, ఏమవుతుంది అనుకునేవారు. ఏమవుతుందో నేను ఒక్కసారి చూశాను, చాలు.

అందుకని రెండిళ్ల పిల్లల్నీ అత్తే తీసుకెళ్లేది. పాత దుప్పటి చించి తెల్లని పీలికలు అందరి జబ్బలకూ కట్టేది. జరీ మీద ఆ పీలికలేంటని ఇంటి కోడలు మూతి విరిస్తే, "చీకట్లో బండ్లోళ్లకి కనపడల్ల గదా" అని తెలుగులోనే చెప్పి ముడి ఇంకాస్త బిగించేది. చిన్నవాళ్లను ముందు నడిపించేది, పెద్దవాళ్లను వెనక. "కుంటిమేకను ముందర పెడితే మందలో ఏదీ తప్పిపోదు" అనేది. ఎవరింట్లోనూ గడప దాటి లోపలికి వెళ్లకూడదు. నోట్లో ఏదీ వేసుకోకూడదు. ఇంటికొచ్చాక చాప మీద సంచులన్నీ బోర్లించి, గొంతుకు అడ్డంపడే వేరుశనగలు చిన్నదాని వాటా లోంచి తీసేసి, ఆక్రోటు రోకలితో పగలగొట్టి పొడి చేసి పెట్టేది. చెయ్యి వదిలిన వాడికి వీపు మీద ఒకటి పడేది. తిట్లకు లెక్కే లేదు. ఆ తిట్లన్నీ తింటూ పిల్లలు ఆమె కుచ్చిళ్లు పట్టుకునే తిరిగేవారు.

నేను వెళ్లిన తర్వాతి ఏడాది పండగ రోజున మేం తిరిగి వస్తున్నాం. అత్త పనిచేసే ఇంటి గేటు పక్కన పికప్ ఆగి ఉంది. ఆ ఇంటి పెద్ద కొడుకు లోపల కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాడు. మూడేళ్ల చిన్నది, అతని తమ్ముడి బిడ్డే, గేటు దగ్గరికి రాగానే ఇల్లొచ్చిందన్న సంబరంలో ఎగిరింది. సంచి జారి ఆక్రోట్లు దొర్లి బండి వెనక్కి పోయాయి. మేం చూసేలోగా అది అక్కడ గొంతుక్కూర్చుని ఏరుకుంటోంది. బండి వెనక్కి కదిలింది.

బండి వెనక పిల్ల ఉందని అత్త అరిచింది. "ఆపరా! బచ్చా! గాడీ కే పీఛే బచ్చా!" అద్దాలు ఎక్కించి ఉన్నాయి, లోపల క్యాసెట్ మోగుతోంది. అతనికి వినపడలేదు. అత్త పక్కనున్న పిల్లవాడి చేతిలోంచి రాయి లాక్కుని వెనకద్దం మీదికి విసిరింది. అద్దం పగిలింది. బండి ఆగింది. నేను చక్రం పక్కనుంచి పిల్లను లాగాను. దాని పిడికిట్లో ఆక్రోటు అలాగే ఉంది.

అతను దిగి మొదట పగిలిన అద్దం చూశాడు. పిల్లను చూడనేలేదు. నా చంకలో ఏడుస్తున్న పిల్లను చూపించి అత్త నోటికొచ్చినట్టు తిట్టింది, హిందీలో కొంత, తెలుగులో చాలా. భాష రాకపోయినా అవి తిట్లని తెలియని మనిషి ఉండడు. సందులో జనం చేరారు. పనిమనిషి, అంతమంది ముందు, ఇంటి పెద్ద కొడుకుని! ఆ ఇంట్లో మర్నాటి నుంచి ఇదే మాట. బండి అద్దం పగిలిందన్నారు, పిల్ల బతికిందని ఒక్కరూ అనలేదు. పిల్ల అసలు అక్కడ లేనే లేదని అతనన్నాడు. నేను చూశానని చెప్పబోతే నేను పనిచేసే ఇంటావిడ నన్ను వంటింట్లోకి పొమ్మంది.

అందరి ముందూ అతన్ని క్షమాపణ అడిగితే ఉండనిస్తామన్నారు. నేను గోడ దగ్గర బతిమాలాను. "ఒక్క మాటే గదా అత్తా. ఇంటికి స్లాబు పడల్ల గదా."

"అద్దం పోతే ఇంకోటి ఏసుకుంటారు. పిల్ల పోతే యాడ తెస్తారు? అద్దానికి నా జీతంలో కోసుకోమను. తప్పయిందని మాత్రం చెప్పను" అంది. "నేను తప్పయిందని చెప్తే, ఆ పొద్దు అరిసింది తప్పయితాది. మల్లా ఏడు ఎవురన్నా అరస్తారా మే?"

పంపించేశారు. ఆ ఇంటి ముసలమ్మ, పిల్లకు అవ్వ, అన్నీ చూసింది. గేటు దగ్గర నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం మీద నాకు ఇప్పటికీ కోపమే. ఊరొచ్చాక ఇక్కడివాళ్లు తేల్చేశారు, నోటిదూలతో పని పోగొట్టుకొచ్చిందని. అత్త ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. చివరిదాకా రేకుల కిందే ఉంది. ఎండాకాలం ఆ రేకుల కింద మధ్యాహ్నం కూర్చున్న వాళ్లెవరైనా ఆమె నోటి గురించి మాట్లాడితే నేను వింటాను. ఇంకెవరు మాట్లాడినా వినను.

తర్వాతి ఏడు నేనింకా అక్కడే ఉన్నాను. ఖరన్‌ఖషూ సాయంత్రం, ఉపవాసం విడిచీ విడవకముందే, ముసలమ్మ వాకిట్లోకి వచ్చి పెద్ద కొడుకు ముందు చెయ్యి చాపింది. అతను నసిగాడు. ఆమె చెయ్యి దించలేదు. పికప్ తాళంచెవి తీసుకుని తన తలగుడ్డ కొసకు ముడేసుకుని, పిల్లలందరూ తిరిగొచ్చేదాకా గేటు దగ్గర పీట వేసుకు కూర్చుంది. ఆ తాళం ముడేసుకోవడానికి ఆమెకు ఏడాది పట్టింది. మా అత్తకు ఒక కబురు పంపడానికి మాత్రం నోరు రాలేదు.

సెలవుకు వచ్చినప్పుడు అత్తకు ఇదంతా చెప్పాను. కోపగించుకుంటుందనుకున్నాను. చాటలో బియ్యం చెరుగుతూ, "చిన్నది పోయిందా పండక్కి?" అని అడిగింది.

"పోయింది."

"ముందర నడిచిందా?"

"ముందరే."

"ఇంగేం" అని మళ్లీ చెరుక్కుంది.

అత్తను తీసుకెళ్తుంటే మేం ఆడవాళ్లం వీధి చివరిదాకా వెళ్లాం. పాడె మెయిన్ రోడ్డెక్కింది. బొరుగులూ చిల్లరా చల్లుతూ పోతున్నారు. నాణేలు దొర్లిపోతుంటే పిల్లలు రోడ్డు మధ్యకు వెళ్లి వంగి ఏరుకుంటున్నారు. మలుపులోంచి బండల లారీ వచ్చింది. మగవాళ్లంతా గోవిందా గోవిందా అంటూ తలొంచుకుని నడుస్తున్నారు.

"రాండిరా ఇవతలికి! సచ్చినోళ్లారా! ఆపరా బండి!"

నాకు అంత గొంతు ఉందని నాకే తెలియదు. లారీ కీచుమని ఆగింది. డప్పులు ఆగాయి. నా వెనక ఎవరో, "శవం ముందర ఏం నోరమ్మా ఇది, మేనత్త నోరే" అన్నారు. నేను తిరిగి చూడలేదు. పిల్లల్ని రెక్క పట్టి ఒక్కొక్కరినే రోడ్డు వారకు లాగి, పొట్టివాళ్లను ముందుకు నెట్టి నిలబెట్టాను. పాడె రోడ్డు దాటేదాకా వాళ్లు పిడికిళ్లలో నాణేలు పట్టుకుని, కదలకుండా, ఆమె వెళ్లిన వైపే చూస్తూ నిలబడ్డారు.