చదవని పాఠం కింద నా సంతకం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వసంతంలో, డబ్లిన్ పక్కనున్న ఒక కౌన్సిల్‌లో చట్టాల ముసాయిదాలు రాసే అధికారిగా ఉన్న నాకు, ‘భాషల బాధ్యుడు’ అనే అదనపు హోదా కట్టబెట్టారు. వీధి బండ్ల లైసెన్సులపై కొత్త బైలాలు, అంటే కౌన్సిల్ తన పరిధిలో చేసుకునే చట్టాలు, ఇంగ్లీషులోనూ చైనీస్‌లోనూ రావాలి. మా మార్కెట్లో చైనీయుల బండ్లు ఎక్కువ. రెండు భాషల పాఠాలూ సమానంగా చెల్లుతాయని అందులోనే రాయమన్నారు. రాశాను.

హైదరాబాదులో చట్టాలను తెలుగులోకి దించిన అనుభవం ఉందని నన్ను ఎంచుకున్నామని మా డైరెక్టర్ ఓర్లా చెప్పింది. ఇక్కడ పై అధికారినైనా పేరు పెట్టే పిలుస్తారు. ఎలాగూ నువ్వు ఆ వైపు వాడివే కదా అని కూడా అంది. గుంటూరుకూ బీజింగ్‌కూ మధ్య హిమాలయాలు అడ్డమున్నాయని చెప్పాల్సింది. కొత్త హోదా కళ్ల ముందు ఆడుతుంటే థాంక్స్ చెప్పి వచ్చేశాను. లూకన్‌లో ఇంటికొచ్చి గొప్పగా చెబితే, అప్పుడే డ్రోహెడా ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చిన మా డాక్టరమ్మ, అంటే మా ఆవిడ, “మీరు చైనీస్ ఎప్పుడు నేర్చుకున్నారండీ?” అని అడిగింది. అనువాదకుడు వేరే ఉన్నాడులే, నాది పర్యవేక్షణ అన్నాను.

మా పనికో క్రమం ఉంది. ముసాయిదా రాయాలి, జనం అభ్యంతరాలు వినాలి, మార్పులు చేసి ఖరారు చేయాలి. అనువాదం ఆ తర్వాతే. చివర్లో రెండూ ఒకటేనని ధ్రువపత్రంపై సంతకం. ఓర్లాకు తొందర కాబట్టి అభ్యంతరాలు వస్తుండగానే అనువాదం మొదలైంది. అనువాదకుడు చెన్ నిదానస్తుడు, పద్నాలుగు సందేహాలు రాసి పంపాడు. లైసెన్సు గడువు మీదున్న ఐదో నిబంధనకు ఇదే ఆఖరి రూపమా అన్నది వాటిలో ఒకటి. జాబితా మొత్తం ఓర్లాకు పంపాను. “ఆల్ గ్రాండ్” అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయని దానర్థం. ఫైలు తెరవలేదని మా ఆఫీసులో అందరికీ తెలిసిన అర్థం. అదే ముక్క చెన్‌కు పంపి చేతులు దులుపుకున్నాను.

తర్వాతి వారం ఐదో నిబంధన మారింది. లైసెన్సు ముగిసే రోజు దాకా పునరుద్ధరణకు దరఖాస్తు చేయొచ్చన్నది పోయి, నెల ముందే చేయాలని వచ్చింది. మార్చింది నేనే. చెన్‌కు ఎవరూ చెప్పలేదు, చైనీస్ పాఠం పాతదే ఉండిపోయింది. ధ్రువపత్రం బల్ల మీదకు రాగానే చైనీస్ ప్రతిలో నాలుగు పేజీలు తిప్పి సంతకం గీకాను. సిగ్గు లేకుండా ఒకటి రెండు చోట్ల తల కూడా ఊపాను.

ఏడాది తిరిగేసరికి లిన్ వచ్చింది. మార్కెట్లో ఆవిరి కుడుములు అమ్ముకునే ఆవిడ. ఇద్దరు పిల్లలు, ఆ బండి తప్ప మరో ఆధారం లేదు. లైసెన్సు ముగియడానికి వారం ముందు దరఖాస్తు చేస్తే ఆలస్యమైందని తిరస్కరించారు. అప్పీలు విచారణకు ముందు ఓర్లా నన్ను కారిడార్లోకి పిలిచి, రెండు పాఠాలూ సరిచూశానని చెప్పు చాలు, తప్పు ఆవిడదే అని తేలిపోతుంది అంది.

విచారణలో లిన్ చైనీస్ ప్రతిని నా ముందు పెట్టింది. ప్రతి పేజీలోనూ పెన్సిల్ గీతలు. ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

“ఈ సంతకం మీదే కదా. పెట్టేముందు చదివారా?”

“చదవలేదు. నాకు చైనీస్ రాదు,” అన్నాను.

ఓర్లా పైకప్పు వైపు చూసింది.

రెండు పాఠాలూ సమానంగా చెల్లుతాయి కాబట్టి లిన్ అప్పీలు నెగ్గింది, బండి దక్కింది. నా హోదా ఊడింది. కౌన్సిల్ కూడా బుద్ధి తెచ్చుకుని ధ్రువపత్రం మార్చింది. ఇప్పుడు ఒకరికి బదులు ఇద్దరు సంతకం పెడతారు. ఇద్దరికీ చైనీస్ రాదు.

నిరుడు రిటైరయ్యాను. ఆ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. అధికారులం చట్టాన్ని రాస్తాం, సరిచూస్తాం, ధ్రువీకరిస్తాం. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేది మాత్రం దాని కింద బతకాల్సిన మనిషి. మా బైలాలను అలా చదివింది లిన్ ఒక్కతే.