రాహుకాలంల ఆగిన వంకాయ కూర

మా ఆడపిల్లల హాస్టల్ దిల్‌సుఖ్‌నగర్ల, కోచింగ్ సెంటర్ల సందుల ఉన్నది. వంట నాది. లెక్కాపత్రం మా కోడలిది. గుంటూరు పిల్ల, కంప్యూటర్ ఉద్యోగం. ఎవరికి ఏ కూర పడదో పిల్లలు ఫోన్లనే నొక్కి చెప్పేటట్టు ఒక యాప్ తయారుచేసి పెట్టింది. వడ్డించే ఆమె తన ఫోన్ల సూసి వడ్డిస్తది.

అండ్ల ఒక తిరకాసు ఉన్నది. గుడ్డు వద్దన్నా, ఉల్లిగడ్డ వద్దన్నా, పల్లీలు వద్దన్నా అన్ని ఒక్క 'వద్దు' కిందనే పడేటివి. మొన్న వడ్డించే ఆమె 'వద్దు' సూసి, గుడ్డు వద్దనుకొని, సూర్యాపేట దిక్కు పిల్లకు ఇడ్లీల పల్లీ చట్నీ ఏసింది. ఆ పిల్లకు పల్లీలు పడవు. పెదవులు ఉబ్బి, ఊపిరి ఆడక, ఆటోల దవాఖానకు ఉరికినం.

అందుకని కోడలు ఆ ఆదివారం కూసున్నది. పోపుల డబ్బల జీలకర్ర, ఆవాలు ఏరుపడ్డట్టు ఏ 'వద్దు'ను ఆ గిన్నెల ఏస్తదట. దాన్ని మైగ్రేషన్ అంటరట. ఆ రాత్రి గుత్తి వంకాయ. అందరికి పల్లీల పొడితోని, ఆ పిల్లకు నువ్వులతోని. రెండు సూస్తే ఒక్కతీరుగనే ఉంటయి. అన్నం టైముకు ఆ పిల్ల పేరు పక్కన పల్లీలు వద్దని ఎర్ర గుర్తు రావాలె.

"మధ్యలో చెడిపోతే ఎట్ల బిడ్డా?" అన్న.

"దానికి కాపలా కోడు రాశాను అత్తయ్యా. ముందు కాపీ తీసి దాచిపెడుతుంది. పని అయ్యాక ముందు ఎన్ని 'వద్దు'లు ఉన్నాయో, తర్వాత ఎన్ని ఉన్నాయో చూస్తుంది. తేడా వస్తే అంతా మళ్ళీ మొదటికి తెచ్చేస్తుంది."

"గిసొంటిది నాకొకటి రాసియ్యరాదు? ఉప్పెక్కువైతే పప్పును మళ్ళ కందులు చేస్తదా?"

నవ్వింది. అప్పుడే మా ఇంటాయన వచ్చిండు. ఎల్బీ నగర్ డిపోల బస్సు నడిపి రిటైరైనోడు, ఇప్పుడు ఇల్లు నడుపుతున్న అనుకుంటడు.

"కొత్త పని అంటున్నవు. రాహుకాలం సూసుకున్నవా?"

"మావయ్యా, ఇది కంప్యూటరండీ."

"కంప్యూటర్ మనింట్లనే ఉన్నది గద!"

ఆయనతోని వాదించుడు కంటె రాసుడు అలకగ అనిపించిందో ఏమో, కాపలా కోడ్లనే ఒక లైను ఏసింది. రాహుకాలంల నొక్కితే కదలదు. ఆయన మురిసిపోయిండు.

నాలుగింటికి నొక్కింది. హాస్టల్ యాప్‌కు 'పని జరుగుతోంది' అని బోర్డు కూడ పెట్టింది. గని ముందే తెరిచి పెట్టుకున్న ఫోన్లకు ఆ బోర్డు కనబడదట. ఈయన ఊకుంటడా? అంతస్తు అంతస్తుకు ఎక్కి మొత్తుకున్నడు: "ఎవ్వరు ఫోన్ ముట్టకుండ్రి! ముట్టితే మీ కూర మారిపోతది!"

ఇంకేముంది? కూర మారిపోయిందేమో అని అందరు ఫోన్లు ముట్టిండ్రు. ఊకె ఉండక ఒకామె ఉల్లిగడ్డ తీసేసి మళ్ళ పెట్టింది. ఒకామెకు గా నిమిషంలనే గుడ్డు మీద మనసైంది. కాపలా కోడు లెక్క సూసింది, కుదరలేదు, అంతా మొదటికి తెచ్చింది.

మళ్ళ నొక్కింది. ఈయన ఇంకింత గట్టిగ మొత్తుకున్నడు. మళ్ళ మొదటికి.

"మావయ్యా, దయచేసి మీరు కింద కూర్చోండి!"

మూడోసారి నొక్కేసరికి రాహుకాలం సొచ్చింది. కోడు కదల్లే.

"ఆ లైను తీసెయ్యరాదు బిడ్డా" అన్న. వంకాయలు పొయ్యి మీదున్నయి.

తల అడ్డంగ ఊపింది. "అడ్డమొచ్చిందని కాపలా తీసేస్తే ఎలా అత్తయ్యా? ఆఫీసులో అందరికీ నేనే చెప్తాను, మధ్యలో కాపలా తియ్యకూడదని."

"సెబాష్!" అన్నడు ఈయన. కోడలు ఆయన దిక్కు సూసిన సూపుకు నేను పొయ్యి బంద్ చేసిన.

ఆరు దాటి రాహుకాలం పోయినంక పొయ్యి మళ్ళ ముట్టిచ్చి, నేనే బియ్యం బేసిన్ పట్టుకొని అన్ని అంతస్తులు ఎక్కిన. "వెయ్యుండ్రి ఫోన్లు, లేకుంటే రాత్రికి చారే."

"ఆంటీ, గిదేం జులుం!" అన్నరు గని వేసిండ్రు. వడ్డించే ఆమెది కూడ గుంజుకున్న. ఈయనది ముందుగాల.

నొక్కింది. లెక్క కుదిరింది. కోడలు కుర్చీల నుంచి లేచి నా భుజాలు పట్టుకొని ఊపింది. "ఎర్ర గుర్తు వచ్చింది అత్తయ్యా!"

వచ్చింది సరే, అన్నం టైమైంది. పిల్లలంత బేసిన్ మీద పడ్డరు. ఫోన్లన్ని నల్లగ ఒక్కతీరుగనే ఉన్నయి. "గిది నాది!" "నీది గాదు, నాది!" వడ్డించే ఆమె ఫోను ఏ పిల్ల చేతికి పోయిందో తెల్వదు. గరిటె పట్టుకొని రెండు కూరల నడుమ నిలవడ్డది. ఎర్ర గుర్తు ఉన్నది, సూసేతందుకు ఫోను లేదు.

ఆ సూర్యాపేట పిల్ల ప్లేటు పట్టుకొని నా దగ్గరికే వచ్చింది. "ఆంటీ, గీ రెంటిల పల్లీలు లేనిదేది?"

గరిటె నేనే తీసుకున్న. చిన్న గిన్నెల వేలుతోని నాకి సూసిన. నువ్వులు. మళ్ళ ఒకసారి నాకిన. నువ్వులే. ఏసిన.

తింటుంటే నేను, మా ఇంటాయన, కోడలు, వడ్డించే ఆమె అందరం ఆమె పెదవులే సూస్తున్నం. రెండో వంకాయ కూడ అయిపోయింది. పెదవులు పెదవుల లెక్కనే ఉన్నయి.

"గిట్ల సూస్తే ఎట్ల తినాలె ఆంటీ?" అన్నది. అని ప్లేటు మళ్ళ ముందుకు పెట్టింది.