నాది కాదన్న పాట

కణేకల్ దగ్గర వేరుశనగ చేలల్లో కలుపు తీసే సుంకమ్మ, వాన మొహం చాటేసిన ఏడు కడుపు మండి ఒక పాట కట్టింది. కూలికొచ్చిన ఆడవాళ్లంతా దాన్నే పాడుకున్నారు.

పోయిన ఏడాది స్టూడియోవాడొకడు వచ్చి, పాట రికార్డు చేసుకుని, "ఎవరు కట్టినారమ్మా దీన్ని?" అన్నాడు. చేలో పాడే పాటను నాది అంటే ఆ ఏడు చేను పండదని అక్కడివాళ్ల నమ్మకం.

"నాది కాదప్పా, అందరిదీ" అనేసింది సుంకమ్మ.

ఈమధ్య కూతురు కృపాకుమారి, తల్లి పాడుతుంటే వీడియో తీసి నెట్‌లో పెట్టింది. సాయంత్రానికల్లా తీసేశారు. కాపీరైటు స్టూడియోదట!

ఇద్దరూ గుంతకల్లు లాయరు దగ్గరికి పరుగెత్తారు.

"కట్టినోళ్లదే హక్కు, చట్టంలో ఉండాది. కానీ నోటీసిస్తే వాళ్లు నాకు పంపింది ఇదమ్మా" అంటూ, వారం తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు, లాయరు తన ఫోన్లో రికార్డింగు పెట్టాడు.

"నాది కాదప్పా, అందరిదీ" అంది ఫోన్లో పోయిన ఏటి సుంకమ్మ గొంతు.

"అందరిదీ అంటే, ముందు రాయించుకున్నోనిదే అంటాండారు."

సుంకమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"వాళ్ల నోట్లో మన్ను పడ! నాదంటే చేను పండదని అట్లంటి సార్. చేనూ పండల్యా, పాటా పాయె."