మేమంతా సేఠు చుట్టాలమే

నడుస్తున్న మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. వేళ్ళు పోకుండా చెయ్యి ఎలా వేశానని మాత్రం అడగకండి.

మా అక్క భర్త, అంటే మా బావ, భివండిలో ఒకే కార్ఖానాలో ముప్పై ఏళ్ళు మరమగ్గాలు నడిపాడు. నేను పక్క మగ్గం మీద ఉండేవాణ్ణి. నూలు దుమ్ము పీల్చి పీల్చి ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగు మెట్లెక్కితే కూలబడిపోతున్నాడు.

"ముసలితనంల, రోగమొస్తే సర్కారు ఆదుకోవాలని రాజ్యాంగంలనే ఉన్నది బావా," అన్నాను.

"నీ కథలల్ల ఇదొకటా?"

"కథ కాదే! నిజంగనే ఉన్నది."

నేను చెప్పిన నిజాలు చాలా తక్కువ. ఆయన గట్టిగా నమ్మింది దీన్నే.

ఠాణేలో కార్మికుల ఆఫీసుకు వెళ్ళాం. వైద్యానికి సాయం అందాలంటే ముందు ఆయన కార్మికుడని తేలాలట. అక్కడి మేడమ్ పాత తనిఖీ కాగితం వెతికి తీసింది. బావ పనివాడు కాడు, యజమాని మేనల్లుడు, ఊరికే చూసిపోవడానికి వచ్చాడని ఉంది. కింద బావ సంతకం.

ఆ వరస కలిపింది నేనే. పనివాళ్ళ అసలు లెక్క తేలితే చట్టాలన్నీ మీదపడి కార్ఖానా మూతపడుతుందని మా యజమాని సేఠు బెదిరించేవాడు. ఆయనా మా కరీంనగర్ వైపు నేతగాడే, మామా అనే పిలిచేవాళ్ళం. ఇన్‌స్పెక్టర్ వస్తే అందరం చుట్టాలమైపోయేవాళ్ళం. ఒకసారి తొందరలో ఒకాయనను తన మామకే మామను చేశాను. ఇన్‌స్పెక్టర్ అదీ రాసుకుని, చాయ్ తాగి వెళ్ళాడు. వారం రోజులు నవ్వుకున్నాం.

రాజ్యాంగం మాట ఎత్తాను. మేడమ్ విసుక్కోలేదు. అది ఉన్నమాట నిజమే, కానీ ప్రభుత్వం తన స్తోమత మేరకు నడుచుకోవలసిన సూత్రం, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్ళలేరని మరాఠీలో నెమ్మదిగా చెప్పింది. తిట్టినా బాగుండేది, ఎదురు తిట్టేవాణ్ణి.

వరండాలోంచి సేఠుకు ఫోన్ చేశాను.

"బావ నీ తాన పని చేసిండని ఒక్క కాగితం రాసియ్యు మామా."

"పనోడేందిరా? మేనల్లుడని మీరే సంతకం పెడ్తిరి గద!" అని పెట్టేశాడు.

తిరుగు బస్సులో బావ పగలబడి నవ్వాడు. "మేనమామ ఆస్తిల నాకు వాటా ఎంతనో అడగకపోతివి బామ్మర్దీ!" అని దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఇక ఒప్పుకుంటాను. ఆ నవ్వూ, ఆ మాటా నేను అల్లినవి. మిగతాదంతా జరిగింది. బావ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దారిలో అంజూర్ ఫాటా కూడలి దగ్గర ఒక్కటే అడిగాడు.

"మరి ముప్పై ఏండ్లు నేనేం జేసిన్రా?"

"లెవ్వు బావా, మన స్టాండ్ వచ్చింది," అన్నాను.

స్టాండ్ ఇంకా చాలా దూరముంది.