తిప్పినట్టు రాసిన కాగితం

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

నేను నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సును. ఇందుకూరుపేట వైపు నుంచి ఒక అవ్వను తెచ్చారు. వాకిట్లో జారిపడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ రేపు, ఎల్లుండి అంటూ తొమ్మిది రోజులు గడిచాయి. అలా మంచాన పడినవాళ్లకు వీపు ఒత్తుకుపోయి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి మెల్లగా పక్కకు తిప్పి చూడాలి. చూశాక మంచం దగ్గరి కాగితంలో టైము వేసి సంతకం పెట్టాలి.

నేనేం చేసేదాన్నో తెలుసా? డ్యూటీ ఎక్కగానే ఎనిమిది, పది, పన్నెండు, రెండు అని అన్నీ ఒకేసారి నింపేసేదాన్ని. వార్డులో అందరిదీ అదే అలవాటు. నలభై మంచాలకు ఇద్దరం, ఏం చేస్తాం? ఈ సాకు నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ అవ్వ కూతురు మస్తానమ్మ వచ్చి అడిగినప్పుడు నాకేం అడ్డొచ్చింది?

"సిస్టరక్కా, మాయమ్మ వీపు మంటంటా ఉండాది. నేను కొంచెం పక్కకి తిప్పేదా?"

"ఇప్పుడే తిప్పినాం. చూడు, రాసుండాం. నువ్వు ముట్టుకోబాకు, ఎముక జరిగిపోద్ది."

ఆమె కాగితం వైపు చూసి తలూపింది. నేను చేయని పని ఆమె చేస్తానంటే చేయనివ్వలేదు. రెండు రోజులకు దుప్పటికి చీము అంటింది. ఆ పుండుతో ఆపరేషన్ ఆగింది, జ్వరం పట్టింది, అవ్వ పోయింది. వయసైపోయింది కదా అన్నారు అందరూ. నేనూ అన్నాను. మస్తానమ్మ మాత్రం తానే సరిగ్గా చూసుకోలేదని తల బాదుకొని ఏడ్చింది. పక్కనే నిలబడి మంచినీళ్లిచ్చాను.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి మారింది. తొడ ఎముక విరిగిన పెద్దవాళ్లకు రెండు రోజుల్లో ఆపరేషన్, మర్నాడే లేపి కూర్చోబెట్టడం. కొత్త నర్సులకు వీపు చూడడం నేర్పేది ఎవరనుకున్నారు? నేనే. తప్పులెక్కడ జరిగాయో చూడడానికి, పుండ్లు పడిన పాత కేసుల కాగితాలు తీసిపెట్టమని పైవాళ్లు నాకే చెప్పారు. ఇవాళ ఆ కట్టలో అవ్వ కాగితం చేతికొచ్చింది. ఉద్యోగం పోతుందేమో. కేసు పెడతారేమో. అన్నిటికన్నా మస్తానమ్మ ముఖం చూడాల్సి వస్తుందేమోనని భయం. చించేద్దామని చేయి పోయింది కూడా.

చించలేదు. వేరే కాగితం మీద రాసి దానికి గుచ్చాను: "నేను సంతకం పెట్టిన ఏ ఒక్కసారీ ఈమెను తిప్పలేదు. కూతురు తిప్పబోతే ఆపింది నేనే." కింద నా పేరు రాశాను. రేపు పొద్దున చదువుతారు. భయం తగ్గలేదు గానీ, గొంతు మాత్రం కొంచెం ఖాళీ అయింది.

నీ తప్పేమీ లేదని మస్తానమ్మకు ఎవరు చెబుతారు? నేనే వెళ్లాలి. ఆ వాకిట్లో అడుగెలా పెట్టాలో తెలియడం లేదు.