వస్త అంటే తెరుచుకోని తలుపు

"...పో అని కొట్టకుంటె తలుపు తెరుచుకోదు, ఎన్నిసార్లు చెప్పాలె స్వరాజ్యం నీకు!"

"ఇంట్ల పెద్దమనిషి కూసోని ఉంటె పోత అంటరా, రహీమక్కా? నా నోట్లకెల్లి రాదు. నేనైతె వస్త అనే కొడ్త."

ఇంగ్లిషు అక్షరాల్లో 'వస్త' అని కొట్టింది స్వరాజ్యం. తెర మీద జవాబు వచ్చింది: నువ్వు ఇక్కడే ఉన్నావు.

"సూడు. నీ మిషన్‌కు మర్యాద తెల్వది."

స్వరాజ్యం ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు రసీదులు రాస్తుంది. రహీమా పాఠాలు చెబుతుంది. పంజాగుట్టలో తొమ్మిదేళ్లు టైపు నేర్పి, కంప్యూటర్లు వచ్చాక తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుని, రెండేళ్ల కింద, ఎనభై ఆరులో, అమీర్‌పేటకు మారింది. కొత్త మిషన్లు రాగానే, టీవీకి తగిలించి, రాసిన ప్రోగ్రాంను క్యాసెట్‌లో దాచుకునే పాత చిన్న కంప్యూటర్ మూలన పడింది. రోజూ అన్నం వేళ దాని ముందు కూర్చుని రహీమా ఒక ఆట రాసింది.

ఆటలో ఒక పిల్ల పోగొట్టుకున్న ఉత్తరం కోసం పదకొండు ఇళ్లు తిరుగుతుంది. ఆమె ఆకలినీ ధైర్యాన్నీ మిషన్ లెక్కపెడుతుంది. మొదట్లో చాయ్ తాగినా ఆకలి తగ్గేది కాదు. ఎనిమిదో ఇంట్లో ధైర్యం అయిపోతే మళ్లీ మొదటి ఇంటికే రావలసి వచ్చేది. స్వరాజ్యం తిట్టిన కొద్దీ రహీమా ఒక్కొక్కటే సరిచేసింది. ఈ తలుపు మిగిలింది.

మొదటి ఇంటి వాకిట్లో ఫఖ్రున్నీసా ఆపా బియ్యంలో రాళ్లు ఏరుతుంటుంది. పిల్ల ఎదురుపడ్డప్పుడల్లా ఏడు మాటల్లో ఏదో ఒకటి అంటుంది. చెప్పులు బోర్ల పడ్డయి, సక్కగ పెట్టు. నీ జడ ఎవరేసిన్రు, పిట్టగూడు లెక్క ఉంది. ఆపా అంటే రహీమా సొంత అక్క, ఆమె నిజంగా అనే మాటలే అవి. పెళ్లయి కరాచీ వెళ్లి పన్నెండేళ్లు. ఉత్తరం చేరడానికి నెలలు పడుతుంది. ఇటు రావడానికి అక్కకు వీసా ఒక్కసారీ దొరకలేదు.

ఇన్‌స్టిట్యూట్ యజమాని రామ్మోహనరావు లోపలికి వచ్చాడు. చేరదలచిన పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఆదివారం ఈ ఆట చూపించాలని ఆయన ఆలోచన.

"ఏంటండీ రహీమా గారూ, ఇంకా తలుపు దగ్గరే ఉన్నారా? నన్ను చూడనివ్వండి." ఆయన 'వెళ్లొస్తా' అని కొట్టాడు. నువ్వు ఇక్కడే ఉన్నావు, అంది తెర. "ఇదేంటి, నాకూ తెరవదే!"

స్వరాజ్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆదివారం లోపల కావాలండీ," అని ఆయన వెళ్లిపోయాడు.

గడప లోపల వస్త అంటే బయటికి వెళ్లడం. బయట బండివాడితో అంటే బండి ఎక్కడం. పదకొండు గడపల దగ్గరా మిషన్‌కు ఆ తేడా చెప్పాలి. దానికి చాలా చోటు కావాలి. రాసి చూస్తే మెమరీ చాలదంది. రహీమా బజారులో రెండు దుకాణాలు తీసేసింది. బావి తీసేసింది. ప్రోగ్రాంలో తన కోసం రాసుకున్న గుర్తులన్నీ కొట్టేసి మళ్లీ చూసింది. అప్పుడూ మూడు వందల అక్షరాల చోటు తక్కువైంది. తీయడానికి ఇక మిగిలినవి ఆపా మాటలే. లెక్కపెట్టింది. మూడు వందల పన్నెండు అక్షరాలు.

"అవి ముట్టకు అక్కా," అంది స్వరాజ్యం. "పో అనే ఉండనీ. గట్ల కొట్టాలె అని కాయితం మీద రాసి టీవీకి అతికిద్దాం. నేను సుత పో అనే కొడ్త, తీ."

రహీమా ఏడు మాటలనూ తెర మీదికి పిలిచి, మొదటి నుంచి చివరి దాకా చదివింది. పన్నెండేళ్ల కింద, పెట్టెలు ఆటోలో పెట్టాక ఆపా గడప దగ్గర ఆగి బుర్ఖా సర్దుకుంది. జాతూఁ, అంటే పోత, అనలేదు. జాకే ఆతూఁ అంది. పోయి వస్తనని.

"క్యాసెట్ ఇటియ్యి, స్వరాజ్యం," అంది రహీమా. "ఆపా మాటలు తీసేస్తున్న. వస్త అంటె తలుపు తెరుచుకోవాలె."